నూకరత్నం గారి ఫ్రీజరు

మొన్న రాజమండ్రిలో మా వీధి చివరి సూపర్ మార్కెట్‌కి వెళ్ళి, ఫ్రీజరులోంచి బఠాణీల పొట్లం ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. గింజకి గింజ తగిలి గలగలమనాలి. అనలేదు. లోపలంతా ఒక్కటే ముద్ద, గోదావరి గట్టున దొరికే గులకరాయిలా, అటొకసారి ఇటొకసారి దబ్బుమని కొట్టుకుంది. అరచేయి జిల్లుమంది. ముక్కుకి పాత మంచు వాసన తగిలింది. రెండో పొట్లం ఊపాను. అదీ ముద్దే. ఇలా పదకొండో పొట్లం దగ్గరికి వచ్చేసరికి (మా ఆవిడ సుగుణ లెక్క ప్రకారం నాలుగో పొట్లం) కొట్టు యజమాని కౌంటరు వదిలి లేచి వచ్చాడు.

"ఏంటండీ, గిలక్కాయలు కొంటున్నారా?"

"ఇది ఒకసారి కరిగిపోయిందండీ. కరిగాక మళ్ళీ గడ్డకట్టించారు."

"మీకెవరు చెప్పారండీ?"

"బఠాణీలే చెప్పాయండీ."

సుగుణ నా చేతిలోంచి పొట్లం లాక్కుని ఫ్రీజరులో పెట్టేసి, పెళ్ళివారికి సర్దిచెబుతున్న గొంతుతో ఆయనతో అంది: "ఏమనుకోకండి అన్నయ్యగారూ. ఈయనకి అప్పుడప్పుడు నూకరత్నం గారు పూనుతూ ఉంటారు."

పూనడమే నిజం. డాక్టర్ నూకరత్నం గారు కాకినాడలో మా పరిశోధనశాలకి పెద్ద. ఆమె దగ్గర తొమ్మిదేళ్ళు టెక్నీషియన్‌గా పనిచేశాను. మనిషి ఎత్తు తక్కువ. ఆమె అనుమానాన్ని మాత్రం కాకినాడ రేవులో ఓడ ఎక్కిస్తే ఓడ ఒక పక్కకి ఒరిగిపోయేది. ఒక్క గడియారాన్ని నమ్మలేక గోడకి రెండు పెట్టించారు. రెండూ ఒకే టైము చూపించిన రోజున "ఇవి రెండూ కూడబలుక్కున్నాయి" అని చేతి గడియారం చూసుకున్నారు. అన్నవరం వెళ్ళొచ్చి భక్తిగా ప్రసాదం చేతిలో పెడితే, ఆకు విప్పి, వాసన చూసి, "కొండ మీద తీసుకున్నావా, కింద బస్టాండులోనా?" అని అడిగి, జవాబు విన్నాకే కళ్ళకద్దుకునేవారు. ఆమె కోపానికి ఒక కొలమానం ఉండేది. మామూలుగా నేను "రాజు"ని. అనుమానం మొదలైతే "రాజుగారు" అయ్యేవాణ్ణి. "రాజుగారండీ" అని పిలుపు వచ్చిందంటే, ల్యాబులో ఉన్న ఎలుకలు కూడా సెలవు చీటీ రాసుకునేవి. మర్యాదతో మనిషిని వణికించడం ఆమె దగ్గరే చూశాను.

ఈ అనుమానం ఆమెకి చదువు వల్ల వచ్చింది కాదు. వాళ్ళమ్మ అప్పయమ్మ గారు హార్బరు దగ్గర చేపల గంప పెట్టుకుని కూతుర్ని డాక్టరేటు దాకా చదివించిన మనిషి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు పొద్దున్నే మేడం నన్ను ల్యాబుకి కాదు, ఆ గంప దగ్గరికి తీసుకెళ్ళారు. నేను భీమవరం వైపు రొయ్యల చెరువుల కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. నీటిలో ఈదే ప్రతి ప్రాణీ మా తాతగారికి నమస్కారం పెడుతుందనే నమ్మకంతో పెరిగినవాణ్ణి. అప్పయమ్మ గారు ఐసు పెట్టెలోంచి గట్టిగా గడ్డకట్టిన కానాగంత చేపలు రెండు తీసి నా ముందు పెట్టారు.

"వీటిలో ఒకటి కరిగిపోయి మళ్ళీ గడ్డకట్టింది. ఏదో చెప్పు," అన్నారు మేడం.

రెంటినీ తిప్పితిప్పి చూశాను. కళ్ళలోకి చూశాను. మొప్పలు చూశాను. చివరికి మంచి కుటుంబం నుంచి వచ్చిన చేపలా కనిపించిన దాన్ని చూపించి, "ఇది బాగుందండి" అన్నాను. అప్పయమ్మ గారు నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఈయన చెరువుల్లో రొయ్యలుంటాయా, బంగాళాదుంపలుంటాయా?" అని కూతుర్ని అడిగారు.

గంటసేపు రెంటినీ పళ్ళెంలో వదిలేశారు. ఒక చేప గట్టిగానే నిలిచింది. నేను మెచ్చుకున్న చేప ఒంట్లోంచి మాత్రం గులాబీ రంగు నీళ్ళు కారి పళ్ళెం నిండింది. మేడం నా బొటనవేలు పట్టుకుని దాని మీద నొక్కించారు. గుంట పడింది, మళ్ళీ లేవలేదు.

"గడ్డకట్టి ఉన్నంతసేపూ అన్ని చేపలూ పెద్దమనుషులే. కరిగాక మాట్లాడాలి," అన్నారు మేడం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు మొదటి పాఠం చెప్పారు. జీవకణం అంటే నీళ్ళ సంచి లాంటిది. గడ్డకట్టేటప్పుడు ఆ నీరు సూదులైపోయి సంచి గోడలకి చిల్లులు పొడుస్తుంది. ఆ కణంలోనే చిన్న చిన్న అరల్లో, ప్రోటీన్లను ముక్కలు చేసే కత్తెరలు దాచి ఉంటాయి. చల్లదనంలో అవి కదలవు. కరగడం మొదలయ్యేసరికి, చిల్లులు పడ్డ అరల్లోంచి బయటికి వచ్చి కనిపించిన ప్రోటీనునల్లా కత్తిరిస్తాయి. "చిల్లులు పడేది గడ్డకట్టినప్పుడు. దోపిడీ జరిగేది కరిగినప్పుడు. మళ్ళీ గడ్డకట్టించేసి, ఏం జరగనట్టు అరలో పెట్టేస్తే బయటికి ఏమీ కనపడదు. అందుకని నేను ఫ్రీజరుని నమ్మను, ఫ్రీజరు తలుపు తీసేవాణ్ణి అసలు నమ్మను," అన్నారు. తలుపు తీసేవాణ్ణి నేనేనని అప్పటికి నాకు తెలియదు.

అందుకని ఆమె ల్యాబులో ఒక ఆచారం ఉండేది. చెరువుల నుంచి తెచ్చిన రొయ్యల రక్తకణాలను వెంటనే చిటికెడు చిటికెడుగా బుల్లి గొట్టాల్లోకి పంచి గడ్డకట్టించాలి. ఒక్కో గొట్టం ఒక్కసారికే. తప్పనిసరై ఏ గొట్టాన్నైనా కరిగించి మళ్ళీ లోపల పెట్టాల్సి వస్తే, మూత మీద మార్కరుతో నల్ల చుక్క ఒకటి పెట్టాలి. మూడు చుక్కలు పడితే ఆ గొట్టం చెత్తబుట్టలోకే. మా ఫ్రీజరు మైనస్ ఎనభై డిగ్రీలది. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇంజను అంత ఉండేది. తలుపు తీస్తే వచ్చే పొగలో వినాయకుడి నిమజ్జనం చేయొచ్చు. చెయ్యి లోపల పెడితే పోయిన జన్మలో చేసిన అప్పులు గుర్తొచ్చేవి. ఈ సంగతులు నేను చాలామందికి చాలాసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఫ్రీజరు ఒక జానెడు ఎదిగింది. మేడం ఉంటే ఈ పేరా పక్కన ఎర్ర పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టేవారు. ఇకమీద చెప్పబోయేది మాత్రం పెంచకుండా చెబుతాను, ఎందుకంటే అది పెంచాల్సిన అవసరం లేనంత పెద్ద తప్పు. నాదే.

పెనుగొండ నుంచి భవాని అనే అమ్మాయి మేడం దగ్గర పీహెచ్‌డీకి చేరింది. నెమ్మదస్తురాలు. నవ్వితే కూడా అనుమతి తీసుకుని నవ్వినట్టు ఉండేది. జబ్బు పడ్డ చెరువుల్లోని రొయ్యల రక్తకణాల్లో ప్రోటీన్లకి ఏమవుతుందన్నది ఆమె విషయం. మూడేళ్ళు తిరిగింది. చెరువు గట్ల మీద పడుతూ లేస్తూ, రైతుల్ని బతిమాలి, చచ్చిపోయే ముందు రొయ్యల నుంచి రక్తం తీసుకొచ్చింది. అవి మళ్ళీ దొరికేవి కావు. ఆ చెరువులు ఎండగట్టేశారు. వాటిని భద్రంగా పంచి దాచే పని నాది.

మొదట్లో వచ్చిన జబ్బు రొయ్యల నమూనాలని నేను పంచలేదు. ఆ వారం బుల్లి గొట్టాలు అయిపోయాయి, కొత్తవి రావడానికి నెలపడుతుందన్నారు. పెద్ద గొట్టాల్లోనే ఉంచేసి, కావాల్సినప్పుడల్లా కరిగించి, కొంచెం తీసి, మళ్ళీ గడ్డకట్టించాను. నిజాయితీగా చుక్క పెట్టాను. రెండో చుక్క పెట్టాను. మూడో చుక్క దగ్గర నా చెయ్యి ఆగింది. మూడు పడితే పారెయ్యాలి. చెరువుల ఇంట్లో పుట్టినవాడికి రొయ్యకి సంబంధించింది ఏదైనా పారెయ్యడం ఎంత కష్టమో మీకు తెలియదు. మా నాయనమ్మ రొయ్య తలకాయలు ఉడికించిన నీళ్ళకి కూడా వీలునామా రాసేది. పైగా భవాని ఏడుస్తుంది. అందుకని దూదిని స్పిరిట్లో ముంచి, మూతల మీద ఉన్న చుక్కలన్నీ తుడిచేశాను. స్పిరిట్ చుక్కలతోపాటు పేర్లనీ తుడిచేసింది. పేర్లు మళ్ళీ రాశాను. ఆ తర్వాత కరిగించినప్పుడల్లా చుక్క పెట్టడమే మానేశాను. ఆ తర్వాత వచ్చిన ఆరోగ్యమైన రొయ్యల నమూనాలని మాత్రం, గొట్టాలు వచ్చేశాయి కనుక, పద్ధతిగా పంచి పెట్టాను. అంటే ఒక గుంపు అయిదారుసార్లు కరిగింది, రెండో గుంపు ఒక్కసారే. ఈ తేడా తర్వాత ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆలోచించలేదు.

భవాని ఫలితం వచ్చిన రోజు ల్యాబులో పండగ. ప్రోటీన్లని పలుచటి జెల్లీ పలకలో కరెంటుతో పరిగెత్తిస్తే, పెద్దవి పైనే ఆగిపోతాయి, చిన్న ముక్కలు కిందికి జారతాయి. నీలం రంగు వేస్తే గీతలుగా కనిపిస్తాయి. ఆరోగ్యమైన రొయ్యల్లో పైన ఒక లావుపాటి గీత ఉంది. జబ్బు రొయ్యల్లో ఆ గీతే లేదు, కింద చిల్లర గీతలు మాత్రమే ఉన్నాయి. జబ్బు ఒక పెద్ద ప్రోటీనుని ముక్కలు చేస్తోందన్నమాట. ఇంత స్పష్టంగా ఫలితం రావడం అరుదు. భవాని కాజాలు తెచ్చి పంచింది. నేను ఆరు తిన్నాను. మేడం ఒకటి చేతిలో పట్టుకుని, పలకని కిటికీ వెలుతురుకి పెట్టి, చాలాసేపు చూశారు.

"బాగుంది," అన్నారు.

"థాంక్యూ మేడం."

"మెచ్చుకోలేదమ్మా. చాలా బాగుంది. అదే నా అనుమానం."

మర్నాటి నుంచి ల్యాబంతా పోలీస్ స్టేషన్ అయిపోయింది. ముందు కరెంటు వాళ్ళ మీద పడ్డారు: ఎప్పుడెప్పుడు పోయింది, జనరేటరు ఎంతసేపటికి అందుకుంది? తర్వాత ఫ్రీజరు తలుపు రబ్బరు. తర్వాత ఊడ్చే మనిషి ప్లగ్గు పీకిందేమోనని గోడ మీద వేలిముద్రల కోసం వెతికినట్టు వెతికారు. ప్రతి అనుమానానికీ నేను ఉత్సాహంగా తలూపాను. "అవునండి, కరెంటు వాళ్ళని నమ్మకూడదండి," అని నేనే రెండు కథలు కూడా కల్పించి చెప్పాను. భవాని మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. మరో నాలుగు నెలల్లో ఆమె ఫెలోషిప్పు అయిపోతుంది, ఈలోగా థీసిస్ ఇచ్చెయ్యాలి. "ఇది తప్పయితే నా దగ్గర ఇంకేమీ లేదండి రాజుగారూ," అంది ఒకరోజు నాతో. ఆ "రాజుగారు"లో నిజమైన మర్యాద ఉంది. అదే గుచ్చుకుంది.

నాలుగో రోజున మేడం ఫ్రీజరు అర బయటికి లాగి, చేతి తొడుగులతో ఒక్కో గొట్టం ఎత్తి చూశారు.

"రాజుగారూ, ఇవి ఎప్పటివి?"

"మూడేళ్ళ నాటివండి."

"మూడేళ్ళు మంచులో నానితే మార్కరు రాత వెలిసిపోవాలి. ఈ పేర్లు మొన్న రాసినట్టున్నాయే?"

"మంచి మార్కరండి."

"చుక్క ఒక్కటి కూడా లేదు. గొట్టంలో సరుకు మాత్రం అడుగుకి వచ్చేసింది. గాలికి ఆవిరైపోయిందా?"

"కొంచెం కొంచెం వాడామండి. ఎప్పుడూ కరగనివ్వలేదండి. గట్టిగా ఉన్నప్పుడే చెక్కి తీశానండి." ఐసు గోలా బండివాడు కూడా చెప్పని అబద్ధం అది.

ఆమె నా మొహంలోకి చూశారు. కానాగంతని చూసినట్టే చూశారు. తిట్టలేదు. "సరే రాజుగారండీ," అన్నారు. "రేపు తాజా ఆరోగ్యమైన రొయ్యల కణాలు తెప్పిస్తున్నాను. ఆరు గొట్టాలు. ఒకటి కరిగించకుండా ఉంచండి. మిగతావి ఒకసారి, రెండుసార్లు, అలా అయిదుసార్ల దాకా కరిగించి గడ్డకట్టించండి. రోజుకొక్కసారి. మీరే చెయ్యండి. చుక్కలు కూడా మీరే పెట్టండి."

ఆ వారం నేను బతికినట్టు గుర్తులేదు. రోజూ పొద్దున్న గొట్టాలు తీసి ఐసు మీద పెట్టడం (మైనస్ ఎనభై నుంచి వచ్చినవాటికి ఐసు కూడా వెచ్చనే), లోపలి తెల్లటి గడ్డ అంచుల నుంచి నీరవడం చూడటం, మూత మీద చుక్క పెట్టడం, మళ్ళీ లోపల పెట్టడం. మేడం వచ్చేవారు కారు, అడిగేవారు కారు. ఎదురు బల్ల దగ్గర భవాని థీసిస్ టైపు చేసుకుంటూ ఉండేది. నాలుగో రోజు ఆమె తలెత్తి, "ఇవి బాగానే వస్తాయంటారా రాజుగారూ?" అంది. "తప్పకుండా అండి," అన్నాను. అయిదోసారి కరిగిన గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే ఏ తేడా కనిపించలేదు. మొదటిదానిలాగే ఉంది. కనిపించదనే ధైర్యంతోనే కదా నేను ఇంతదాకా వచ్చింది.

పలక పరిగెత్తించిన రోజున ముగ్గురం నిలబడ్డాం. కరగని గొట్టంలో పైన లావుపాటి గీత. ఒకసారి కరిగినదానిలోనూ ఉంది. మూడోసారికి సన్నబడింది. అయిదోసారికి పైగీత పోయింది, కింద చిల్లర గీతలు. అచ్చం భవాని జబ్బు రొయ్యల్లాగే. ఈ రొయ్యలకి జబ్బే లేదు.

భవాని తన పాత పలక ఫోటో తెచ్చి పక్కన పెట్టింది. రెంటినీ చూసింది. ఏడవలేదు. "అయితే నేను కనిపెట్టింది రొయ్యల జబ్బుని కాదండీ, మన ఫ్రీజరుని," అంది. తర్వాత చాలా మెల్లగా, "నేనే ఎప్పుడో బయట మర్చిపోయి ఉంటాను మేడం. చెరువుల దగ్గర నుంచి వచ్చేటప్పుడు అలసిపోయి ఉండేదాన్ని," అంది.

మేడం నా వైపు చూడలేదు. పలకనే చూస్తూ ఉన్నారు. ఆ అమ్మాయి నా తప్పుని తన మీద వేసుకుంటోంది, తనకి గుర్తుకూడా లేని మతిమరుపుని వెతుక్కుంటోంది. ఒక్క నిమిషం నేను నోరు మూసుకుంటే చాలు, అది నిజమైపోతుంది. ఆ ఒక్క నిమిషమూ నేను మూసుకున్నాను. ఇది దాచను. ఆ తర్వాత అన్నాను.

"భవానీ, అవి కరిగించింది నేనండి. అయిదుసార్లో ఆరుసార్లో. చుక్కలు పెట్టి, స్పిరిట్‌తో తుడిచేశాను."

భవాని నన్ను చూసింది. నేను తిట్లకి సిద్ధపడ్డాను.

"ఆరు కాజాలు తిన్నారు కదండీ," అంది.

అంతే. బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది. నా జీవితంలో అంతకంటే పెద్ద తిట్టు తినలేదు.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మేడం ల్యాబు రికార్డు పుస్తకం తెరిచి నా ముందు పెట్టి, "జరిగింది జరిగినట్టు రాయండి. సొగసులు వద్దు," అన్నారు. రాశాను. ఆమె చదివి, రెండు విశేషణాలు కొట్టేసి, సంతకం చేయించారు. తర్వాత యూనివర్సిటీకి వెళ్ళి, ఎవరి కాళ్ళావేళ్ళా పడ్డారో తెలియదు, భవానికి ఒక ఏడాది పొడిగింపు తెచ్చారు. ఆ ఏడాదంతా ఆదివారాలతో సహా నేను ఆ అమ్మాయి వెనక చెరువు గట్ల మీద ఐసు పెట్టె మోశాను. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. గొట్టాలు పంచుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టేది. కొత్త ఫలితం చప్పగా వచ్చింది: జబ్బు రొయ్యల్లో పైగీత ఉంది, కాస్త పలచబడింది, అంతే. థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం కరగడం గురించి, గడ్డకట్టడం గురించి రాసింది. పరీక్షకులు ఆ అధ్యాయాన్నే ఎక్కువ మెచ్చుకున్నారట. భవాని ఆ సంగతి నాకు చెప్పలేదు, మేడంకి చెప్పింది. మేడం నాకు చెప్పి, "నీ గొప్ప కాదు," అని వెంటనే చేర్చారు.

మేడం రిటైరయ్యాక, ఒంట్లో బాగోలేని రోజుల్లో కాకినాడలో ఆమె ఇంటికి వెళ్ళాను. చిన్న గది. మందుల సీసాలన్నిటి మీదా తెరిచిన తేదీలు ఆమె చేతిరాతతో ఉన్నాయి. కాఫీ తాగుతూ, ఇన్నేళ్ళుగా దాచుకున్న ప్రశ్న అడిగేశాను.

"మేడం, ఆ తర్వాత మీ దగ్గర ఇంకో అయిదేళ్ళు పనిచేశాను కదండీ. నన్ను మళ్ళీ ఎప్పట్నుంచి నమ్మారండీ?"

"ఎవరు చెప్పారు నమ్మానని?"

"అయిదేళ్ళలో ఒక్కరోజు కూడానా అండీ?"

ఆమె నన్ను ఎగాదిగా చూశారు, నేను ఒళ్ళు చేశానో చిక్కానో తేల్చుకుంటున్నట్టు.

"నమ్మితే నిన్ను చూడ్డం మానేసేదాన్ని కదయ్యా రాజూ," అన్నారు.

ఆమె పోయి రెండేళ్ళు కావస్తోంది. ఇప్పుడు నేను రాజమండ్రిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తున్నాను. అందరూ నన్ను నమ్ముతారు. పెద్దాయన చూసుకుంటాడులే అని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోతారు. అలాంటప్పుడు భలే ఒంటరిగా అనిపిస్తుంది. చేసిన పని దగ్గరికి వెనక్కి వెళ్ళి, అది నేను చెప్పుకుంటున్నంత బాగా నిజంగానే చేశానా అని మరొకసారి చూసుకుంటాను. ఆమె చూసినంత బాగా చూడలేను. చూడటం మాత్రం మానలేదు.